తాగుడు మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) మీటింగుల్లో దేనికి వెళ్లాలి?

ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటే తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలిచేవాళ్ల సంఘం. మానాలన్న కోరిక ఉంటే దాని ఏ మీటింగ్‌కైనా వెళ్లొచ్చు, కానీ మీకు సరిపడేది తేలాలంటే రెండు మూడు గ్రూపులు చూడాల్సిందే. ఎందుకంటే ప్రతి గ్రూపూ తన మీటింగ్‌ను తన పద్ధతిలో నడుపుకుంటుంది. ఒకచోట ఎవరో ఒకరి అనుభవం వింటారు, మరోచోట పుస్తకం చదివి చర్చిస్తారు. 'క్లోజ్డ్' అని ఉంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. 'ఓపెన్' మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు. ఉదాహరణకు, భార్యను తోడు తెచ్చుకోవాలనుకునే వ్యక్తి ఓపెన్ మీటింగే చూసుకోవాలి. ఆమెకు విడిగా కావాలంటే కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది.

పూర్తిగా మానేశాకే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. అలాంటి షరతేమీ లేదు, ఫీజూ లేదు. మాట్లాడాలన్న టెన్షన్ కూడా వద్దు, ఊరికే కూర్చుని వినొచ్చు. అయితే రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు, ముందు డాక్టర్‌ని కలవాలి.