లిటరేచర్ టర్మ్స్ అన్నీ వచ్చు, కానీ ఎస్సేలో మార్కులు రావట్లేదు

ఒక అమ్మగారి ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్లో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంది. మెటాఫర్, ఐరనీ అంటే ఏంటో అడిగితే గడగడా చెప్తుంది, కానీ ఎస్సే రాస్తే టీచర్ ప్రతిసారీ "అనాలిసిస్ లేదు" అని రాస్తున్నారు. మంచి వొకాబులరీ బుక్ కొనిస్తే సరిపోతుందా?

బుక్ సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఆ డెఫినిషన్ల బట్టీ ఆపించండి. పేపర్ దిద్దేవాళ్ళకి డెఫినిషన్ ఎలాగూ తెలుసు, వాళ్ళు చూసేదల్లా ఆ టెక్నిక్ ఈ లైన్లో ఏం పని చేస్తోందో పిల్ల పట్టుకుందా లేదా అని.

రోమియో అండ్ జూలియట్ చివరి సీన్ తీసుకోండి. జూలియట్ మత్తుమందు తాగి స్పృహ లేకుండా ఉందని మనకి తెలుసు, రోమియోకి తెలీదు, చనిపోయిందనుకుంటాడు. పాత్రకి తెలియనిది చూసేవాళ్ళకి ఇలా తెలియడమే డ్రమాటిక్ ఐరనీ. "ఇక్కడ డ్రమాటిక్ ఐరనీ ఉంది" అని రాసి వదిలేస్తే పేరు చెప్పినట్టే, అంతకుమించి ఏం లేదు. అదే సీన్లో రోమియో ఆమె పెదాల్లో, బుగ్గల్లో ఇంకా ఎరుపు పోలేదని తనే అంటాడు చూడండి, అంటే బతికుందన్న క్లూ తన నోటితోనే చెప్తున్నాడు, అయినా తట్టదు, చూసేవాళ్ళకేమో ఒక్క నిమిషం ఆగరా బాబూ అని అరవాలనిపిస్తుంది. దీని మీద రెండు మూడు వాక్యాలు రాస్తే టీచర్ అడిగే అనాలిసిస్ అదే.

అందుకని నోట్‌బుక్‌లో మూడు కాలమ్స్ గీయించండి: టర్మ్, ఇప్పుడు చదువుతున్న టెక్స్ట్ నుంచి ఒక లైన్, ఆ లైన్ చదివేవాళ్ళని ఏం చేస్తోంది. మూడోది ఖాళీగా ఉంటే ఆ టర్మ్ ఇంకా రానట్టే లెక్క. రెండొందల టర్మ్స్ అక్కర్లేదు, ఇరవై ముప్ఫై గట్టిగా వస్తే చాలా ఎస్సేలు గట్టెక్కుతాయి. టోన్, మూడ్ మాత్రం ఎక్కువమంది కలిపేస్తారు, టోన్ అంటే రాసినవాళ్ళ ధోరణి, మూడ్ అంటే చదివేటప్పుడు మనకి కలిగే ఫీలింగ్. పోయెట్రీలో అయాంబిక్ పెంటామీటర్ అంటే లైనుకి ఐదు బీట్లు, మామూలుగా 10 సిలబుల్స్, అది లెక్కపెట్టి ఊరుకోకుండా ఎక్కడ తడబడిందో చూడమనండి, చాలాసార్లు చెప్పుకోదగ్గ విషయం అక్కడే దొరుకుతుంది.

ఇక వొకాబులరీ. కష్టమైన పదాలు గుచ్చితే ఎస్సే గొప్పదైపోదు, థిసారస్ (ఒకే అర్థమున్న పదాలిచ్చే పుస్తకం) చూసి రాసింది రెండో లైన్లోనే దొరికిపోతుంది (నిజంగానే దొరికిపోతుంది). ఆ అమ్మాయికి ముందు కావాల్సినవి టోన్ చెప్పే పదాలు. అన్నిటికీ "సాడ్" అని రాయకుండా, పోయినదాన్ని తలుచుకుని కొంచెం బెంగగా ఉంటే విస్ట్‌ఫుల్, ఆశే లేకపోతే బ్లీక్, దెప్పిపొడుస్తున్నట్టుంటే సార్డానిక్, ఇలా గుంపులుగా నేర్చుకుంటే తేడా పట్టుబడుతుంది. అలాగే ప్రతి వాక్యంలో "షోస్" అనకుండా సజెస్ట్స్, ఇంప్లైస్, అండర్‌మైన్స్ లాంటి వెర్బ్స్.

మర్చిపోతోందంటే అది తెలివితక్కువతనం కాదు, 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ తన మీదే ప్రయోగాలు చేసి, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని రాశాడు. అందుకే ఒకేరోజు యాభై పదాలు వద్దు, రోజుకి ఐదారు ఫ్లాష్‌కార్డులు (ఒకవైపు పదం, వెనకవైపు అర్థం), రేపొకసారి, మూడ్రోజులకి, వారానికి మళ్ళీ తిప్పడం. ఆంకి లాంటి యాప్ ఆ లెక్క చూసుకుంటుంది, కార్డు మాత్రం తన సొంత వాక్యంతో తనే రాయాలి, వేరేవాళ్ళు చేసిన రెడీమేడ్ డెక్ (కార్డుల కట్ట) డౌన్‌లోడ్ చేస్తే సగం లాభం పోయినట్టే.

రేపు లా, జర్నలిజం, కంటెంట్ రైటింగ్ ఎటు వెళ్ళినా ఇలా టెక్స్ట్ విప్పి చూడటం పనికొస్తుంది, కాబట్టి టైమ్ వేస్ట్ అని మాత్రం అనకండి. ఈ వారానికి టీచర్ తిప్పి పంపిన పాత ఎస్సే ఒకటి తీయించి, టర్మ్ వాడిన ప్రతిచోటా పక్కన "అయితే ఏంటి?" అని పెన్సిల్‌తో రాసుకుని దానికి జవాబు రాయమనండి, బుక్ కొనాలా వద్దా అనేది ఆ తర్వాత మాట్లాడుకుందాం.