గంట మోగని రెండు రోజులు

ప్రియమైన చెల్లెమ్మకు,

కేథలిక్ సన్యాసినులు (సిస్టర్లు) నడిపే అనాథాశ్రమంలో గడిచిన నీ బాల్యం గురించి రాసి పంపిన 40 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే "ఆ నాలుగు గోడల మధ్య నా బాల్యం బందీ అయింది" అన్నావు. కొట్టెయ్. ఆ వాక్యం ఎవరైనా రాస్తారు. పదకొండో పేజీలో, గౌను మెడ లోపల ఎర్రదారంతో కుట్టిన నంబరు గురించి ఒక్క లైను రాసి వదిలేశావు చూడు, నీ పుస్తకం అక్కడుంది. ఉతికిన బట్టలు పంచేటప్పుడు పేరుతో పిలిచేవాళ్లా, నంబరుతోనా? నీ వంతు వచ్చేసరికి కుప్పలో ఏం మిగిలేది?

నేనూ అలాంటి చోటే పెరిగానని నీకు తెలుసు. మా అమ్మ అప్పటికి బతికే ఉంది. (అనాథాశ్రమం అనగానే ఎవరూ లేని పిల్లలే అనుకుంటారు జనం. మాలో చాలామందికి ఎవరో ఒకరు ఉన్నారు. సాకలేక అప్పగించారు, అంతే.) అమ్మ చూడ్డానికి వస్తే గేటు దగ్గర గంట కొట్టేవాళ్లు. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం అయ్యాక, మళ్లీ శనివారం రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణ దాకా గుడి గంట మోగదు. బదులుగా చెక్క గిలక టకటకలాడిస్తారు. ఆరేళ్ల నాకు గుడి గంటా గేటు గంటా ఒకటే. గంటలు ఆగిపోయాయి కాబట్టి అమ్మ ఇక రాదనుకుని మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. అవి క్రీస్తు మరణాన్ని తలుచుకునే రోజులు కాబట్టి, నేను క్రీస్తు కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. ఒక సిస్టరైతే మెచ్చుకుంది కూడా!

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు 30 ఏళ్లు పట్టింది. పెద్దదాన్నయ్యాక తెలిసిన అర్థాన్ని ప్రతిసారీ ముందు పెట్టేసేదాన్ని. ఆ పిల్లకి ఏం తెలుసో అదే రాయి. మిగతాది చదివేవాళ్లకి అందుతుంది.

తేదీలు గుర్తులేవని టెన్షన్ పడకు. చర్చి క్యాలెండర్ ఉందిగా. నుదుట విభూతి పెట్టిన రోజు గుర్తుంటే అది ఈస్టర్ ముందటి ఉపవాస రోజుల, అంటే తపస్కాలం, మొదలు. మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీ రంగుది వెలిగించడం గుర్తుంటే క్రిస్మస్ ముందటి ఆగమన కాలం. నేనైతే లాటిన్ పూజకి అర్థం తెలీకుండానే జవాబులు చెప్పాను. 1965లో కేథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ముగిసింది, ఆ రోజుల్లోనే పూజ మా భాషలోకి మారింది. నా జ్ఞాపకాల్లో ఏది ముందో ఏది వెనకో దాన్నిబట్టే తేల్చుకున్నాను. నువ్వు జ్ఞానస్నానం తీసుకున్న గుడిలో రిజిస్టరు ఉంటుంది, అడిగి చూడు.

ఇక దెబ్బల సంగతి. "రాస్తే సంస్థకి చెడ్డపేరేమో" అన్నావు. ఐర్లండ్‌లో కేథలిక్ సంఘాలు నడిపిన పిల్లల సంస్థల మీద 2009లో ఐదు సంపుటాల విచారణ నివేదిక వచ్చింది. అక్కడ పెరిగిన వెయ్యిమందికి పైగా నోరు విప్పితేనే వచ్చింది అది. నువ్వూ రాయి. కాకపోతే విశేషణాలు తీసేసి రాయి. ఎన్ని దెబ్బలు, దేనితో, ఆ తర్వాత ఏ చేత్తో అన్నం తిన్నావు, అంతవరకే.

ఒక్కటి అడగాలి. మూడో అధ్యాయంలో స్కేలుతో కొట్టిన సిస్టరూ, ఏడో అధ్యాయంలో నీకు జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ మార్చిన సిస్టరూ ఒకరేనా? ఒకరే అయితే రెండింటినీ ఒకే పేజీలోకి తెచ్చి మళ్లీ పంపు.

నీ అక్క