తీర్థంలో రంగు మిఠాయి తిన్న రోజే పిల్లాడి అల్లరి ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. తీర్థానికి వెళ్లి రంగు మిఠాయిలు, ఐసు తిన్న రోజు ఒక్కచోట కూర్చోడు, ఊరికే ఏడుస్తాడు. పాలు, గుడ్లు, రొయ్యలు పడట్లేదేమో, వంద రకాల ఆహారాలకు రక్తపరీక్ష చేయించమంటున్నారు. చేయించాలా డాక్టరుగారూ? - ఒక తల్లి, అమలాపురం

జవాబు: ఆ పరీక్షకు డబ్బు పెట్టకండమ్మా. అందులో చూసేది ఐజీజీ యాంటీబాడీలను, అంటే ఒంటి రక్షణ కోసం రక్తంలో తయారయ్యే ఒక రకం ప్రొటీన్లను. తరచూ తినే వాటికి అవి ఒంట్లో తయారవడం మామూలే, అవి ఉన్నంత మాత్రాన ఆ ఆహారం పడట్లేదని కాదు. ఆ రిపోర్టు నమ్మి పాలు, గుడ్డు మానిపిస్తే పిల్లాడి ఎదుగుదల దెబ్బతింటుంది, అల్లరి అలాగే ఉంటుంది.

నిజమైన ఎలర్జీ అయితే రొయ్యలో గుడ్డో తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తాయి. ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. పాలు అరగకపోతే కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి.

మీ అనుమానం కొంతవరకు నిజమయ్యేది రంగుల విషయంలోనే. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకు, 8-9 ఏళ్ల పిల్లలకు కృత్రిమ రంగులు, పాడవకుండా వేసే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చి చూశారు. నిలకడలేనితనం సగటున కొద్దిగా పెరిగింది, అదీ అందరిలో ఒకేలా కాదు. 2010 నుంచి యూరప్‌లో ఆ రంగులున్న ప్యాకెట్ల మీద హెచ్చరిక వేస్తున్నారు. చక్కెర మీద వేసే నింద మాత్రం పరీక్షలకు నిలవలేదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక వారం ఏమీ మార్చకుండా ఏం తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు పేచీ పెట్టాడు అన్నవి గంటలతో సహా రాయండి. తర్వాత రెండు వారాలు రంగులు, సోడియం బెంజోయేట్ మాత్రమే ఆపండి. ప్యాకెట్ మీద 102, 110, 122, 124 (ఇవి రంగులు), 211 (సోడియం బెంజోయేట్) అంకెలు ఉన్నాయేమో చూడండి. విడిగా అమ్మే రంగు జీళ్లకు, ఎర్ర ఐసుకు లేబులే ఉండదు కాబట్టి అవీ వద్దు. సున్నుండలు, రంగు వేయని పూతరేకులు పెట్టొచ్చు. ఆ తర్వాత అదే రంగు మిఠాయి ఇంట్లో మామూలు రోజున పెట్టి చూడండి. తీర్థం రోజున వద్దు, ఎందుకంటే మధ్యాహ్నం నిద్ర లేక, ఆ సందడిలో తిరిగి ఏ పిల్లాడైనా చికాకు పడతాడు. ఇలా రెండు మూడు సార్లు చేయండి. ఏ రోజు పెట్టారో వాళ్ల టీచరుకు, నాన్నకు చెప్పకుండా, ఎలా ఉన్నాడని మాత్రం అడగండి. ముందే తెలిస్తే చూసేవాళ్లకు అల్లరే కనిపిస్తుంది.

ఈలోగా హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసులో 11.5 కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. ఐరన్ తగ్గిన పిల్లలకు చిరాకు ఎక్కువ, చదువు మీద ధ్యాస తక్కువ. బలపాలు, మట్టి తింటుంటే ఆ అనుమానం బలపడుతుంది. రాత్రిళ్లు ఆసనం దగ్గర గోక్కుంటుంటే నులిపురుగులు నిద్ర చెడగొడుతున్నట్టే. డాక్టరు రాసిన ఆల్బెండజోల్ ఇంటిల్లిపాదీ వేసుకుని, రెండు వారాలకు మళ్లీ వేసుకోవాలి. గురక ఉంటే ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా ఇలాగే ఉంటే, మీరు రాసిన పుస్తకం తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.