13 పేజీలు చదివి 64 పేజీల గురించి రాయకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా. పాత అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్ గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాయాలనుకునేవాళ్ళు తక్కువ, అందుకే మొహమాటపడకుండా చెప్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వు రాసింది యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక గురించి, చదివింది మాత్రం అందులో సూపర్‌మ్యాన్ కథ ఒక్కటే. ఆ సంగతి రెండో పేరా దాటేసరికే తెలిసిపోతోంది.

1938 జూన్ అని వేసి వచ్చిన ఆ పుస్తకం వెల 10 సెంట్లు, పేజీలు 64. అందులో సూపర్‌మ్యాన్‌కి ఇచ్చింది 13. మిగతా వాటిల్లో చక్ డాసన్ అని ఒక కౌబాయ్, జటారా అని ఒక మెజీషియన్, మార్కోపోలో యాత్రలు, స్కూప్ స్కాన్లన్ అనే రిపోర్టరు, టెక్స్ థామ్సన్ సాహసాలు, మధ్యలో వచనంలో ఒక కథ (అసలు ఇలాంటి వచనం పేజీలు అప్పటి కామిక్స్‌లో ఉండేది పోస్టల్ రూల్ కోసం, అవి ఉంటేనే పత్రికలకిచ్చే తక్కువ రేటు దొరికేది). వీళ్ళల్లో ఎవరు నిలబడతారో కొన్న పిల్లాడికీ తెలీదు, వేసిన పబ్లిషర్‌కీ తెలీదు, ఏదో ఒకటి తగులుతుందని అన్నీ కలిపి వేశారు. మనకి గెలిచింది ఎవరో ముందే తెలుసు కాబట్టి నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళిపోతాం, మిగతావాళ్ళ మొహం కూడా చూడం. కౌబాయ్‌నీ మెజీషియన్‌నీ కూడా చదివి చూడు, ఆ పక్కన కారు ఎత్తి పట్టుకున్న సూపర్‌మ్యాన్ ఎంత కొత్తగా కనిపించుంటాడో అప్పుడు నీకే తెలుస్తుంది.

ఆ 13 పేజీలైనా నిదానంగా చదవాల్సింది. అందులో సూపర్‌మ్యాన్ ఎగరడు, దూకుతాడు అంతే. లోకాన్ని మింగే విలన్ ఎవడూ లేడు. చెయ్యని నేరానికి మరణశిక్ష పడిన ఒకామెని కాపాడ్డానికి రాత్రిపూట గవర్నర్ ఇంటి తలుపులు బద్దలుకొట్టుకుని వెళ్తాడు, పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి గోడకేసి కొడతాడు, వాషింగ్టన్‌లో సెనేటర్‌ని చేతిలో పెట్టుకుని పనులు చేయించుకునే దళారిని (లాబీయిస్టుని) పట్టుకుంటాడు. ఆర్థిక మాంద్యం (గ్రేట్ డిప్రెషన్) రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో పెరిగి సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళ కోపం అది. కథ అతుకులతో ఉందని రాశావు, నిజమే, ఎందుకుందో రాయలేదు. దినపత్రికలో వరసగా వచ్చే బొమ్మల కథ (స్ట్రిప్) కోసం వేసిన బొమ్మల్ని కత్తిరించి పేజీలకి అంటించారు, అందుకే కథలో ఆ గెంతులు. తీర్పు చెప్పేముందు ఆ పని ఎలా జరిగిందో చెప్పు, తర్వాత బాలేదంటే బాలేదనే రాయి. హక్కులన్నీ కలిపి వాళ్ళకి దక్కింది 130 డాలర్లు, అది కూడా నీ వ్యాసంలో ఉండాలి.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. జాతి గురించిన బొమ్మల దగ్గరికొచ్చేసరికి 'ఆ రోజుల్లో అందరూ అంతే' అని ఒక్క వాక్యంతో దాటేశావు. అందరూ అంతే కాదు. ఫాసెట్ అనే కంపెనీ వేసిన కెప్టెన్ మార్వెల్ కథల్లో స్టీమ్‌బోట్ అనే నల్లజాతి నౌకరు ఉండేవాడు, పెద్ద పెదాలు, వెక్కిరించే మాట తీరు, చూడ్డానికే కష్టంగా ఉంటుంది. న్యూయార్క్ స్కూలు పిల్లలు కొందరు ఫాసెట్ ఆఫీసుకి వెళ్ళి ఎడిటర్ ఎదురుగా నిలబడి ఇది తప్పు అని చెప్పారు, 1945లో ఆ పాత్రని తీసేశారు. అంటే అప్పుడు చదివే పిల్లలకే అది తప్పని తెలుసు! కాలం మీదకి తోసేస్తే ఆ పిల్లల్ని మనం చరిత్రలోంచి తీసేసినట్టే కదా. ఆ బొమ్మ ఎలా ఉందో దాచకుండా వర్ణించు, నీకు ఏమనిపించిందో రాయి, ఎదురుచెప్పినవాళ్ళ గురించీ రాయి.

మనకి ఒక మేలుంది, ఇవి మన చిన్నప్పటి పుస్తకాలు కావు. వెనకేసుకు రావాల్సిన ముచ్చట ఏదీ లేదు కాబట్టి బ్యాట్‌మ్యాన్ మొదటి కథలో, 1939 మే డిటెక్టివ్ కామిక్స్ 27లో, విలన్ యాసిడ్ తొట్టిలో పడిపోతే హీరో వాడికి తగిన చావే అన్నట్టు మాట్లాడినప్పుడు నీకు కలిగిన షాక్‌ని అలాగే రాయొచ్చు. దాన్ని మెత్తబరచకు. ఆ 6 పేజీలు రాసిన బిల్ ఫింగర్‌కి బ్యాట్‌మ్యాన్‌ని పుట్టించినవాళ్ళల్లో ఒకడిగా అధికారికంగా పేరు దక్కింది 2015లో అని మాత్రం పక్కనే చెప్పు.

సంచిక మొత్తం చదివితే ఏమొస్తుందని అడుగుతావేమో. ఫెంటాస్టిక్ కామిక్స్ తీసుకో, కవర్ మీద శామ్సన్ అనే హీరో ఉంటాడు, ఇప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. లోపల ఫ్లెచర్ హాంక్స్ ఒక్కడే కథ, బొమ్మలు అన్నీ చేసుకున్న స్టార్‌డస్ట్ అనే హీరో ఉంటాడు, ఒక కథలో విలన్ని ఉత్త తలకాయగా మార్చి అంతరిక్షంలో ఉన్న తలలేని రాక్షసుడి మీదకి విసిరేస్తాడు, అంత వింతైన, అంత భయపెట్టే ఊహ ఆ కాలంలో నేను ఇంకెక్కడా చూడలేదు. హీరో పేరు చూసి పేజీలు తిప్పేవాళ్ళకి హాంక్స్ దొరకడు. ఫెంటాస్టిక్ వేసిన ఫాక్స్ కంపెనీవి, ప్లాస్టిక్ మ్యాన్‌ని వేసిన క్వాలిటీ కంపెనీవి చాలావరకు కాపీరైట్ పోయినవే, స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు లేదనే మాట అక్కర్లేదు.

కాబట్టి ఈ వ్యాసం ఇప్పుడే ఎక్కడికీ పంపకు. ఫెంటాస్టిక్ ఒక సంచిక, జాక్ కోల్ అనే ఆర్టిస్టు పుట్టించిన ప్లాస్టిక్ మ్యాన్ మొదలైన 1941 పోలీస్ కామిక్స్ ఒకటి, రెండూ కవర్ నుంచి చివరి ప్రకటన దాకా చదివి, ఒక్కో కథకి నాలుగు లైన్ల నోట్స్ రాసుకుని, ఆ నోట్స్ నాకు పంపు. వ్యాసం సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య