సముద్ర తాబేలు గుడ్లను హేచరీకి, అంటే గుడ్లు భద్రంగా పొదిగేలా తీరంలో ఏర్పాటు చేసిన చోటికి, ఎందుకు తరలిస్తారు? ఉన్నచోటే వదిలేస్తే పోదా?

వదిలేయగలిగితే అదే మంచిది. కానీ విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు ఇసుకలో గూడు తవ్వి గుడ్లు పెట్టి వెళ్లిందో లేదో, కుక్కలూ నక్కలూ ఆ గూడు తవ్వేస్తాయి. అందుకే తరలింపు. అదీ ఇష్టమొచ్చినట్టు చేసేది కాదు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకు లోపలివైపు అతుక్కోవడం మొదలవుతుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పినా కుదిపినా పిండం చచ్చిపోవచ్చు. కాబట్టి తెల్లారేలోపే, పైభాగం పైకే ఉండేలా ఎత్తి, హేచరీలో అసలు గూడంత లోతు గుంటలో పెట్టాలి. ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లుంటాయి, ఓపిక కావాలి మరి!

అసలు చిక్కు వేడితో. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. దాదాపు 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, అంతకన్నా బాగా పెరిగితే దాదాపు అన్నీ ఆడవే. అందుకే హేచరీ ఇసుకలో థర్మామీటర్లు పెట్టి, అవసరమైతే పైన నీడ కడతారు. నన్నడిగితే, నీడా థర్మామీటరూ లేని హేచరీని అంతగా నమ్మలేం. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఫొటోల కోసం వాటిని ఎండెక్కేదాకా బకెట్లలో ఉంచకూడదు, వాటి శక్తంతా సముద్రంలో ఈదడానికి కావాలి.