గేమ్‌బుక్‌లో హీరో ఊరికే చచ్చిపోతుంటే తప్పు పాచికలదా, రాసినవాళ్లదా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఎనిమిదో తరగతి చదివే మీ పిలగాడు ఇంగ్లిష్ ఫాంటసీ గేమ్‌బుక్ మొదలుపెట్టి, ఏ తప్పూ చేయకుండానే మళ్లీ మళ్లీ చచ్చిపోతున్నానని విసిగి పక్కన పెట్టేశాడు. (గేమ్‌బుక్ అంటే నంబర్లు వేసిన చిన్న చిన్న సెక్షన్లుగా ఉండే కథ. చదివేవాళ్లే హీరో, ఏం చేయాలో ఎంచుకుని ఆ నంబరు సెక్షన్‌కు పోతారు, కొట్లాటలు పాచికలతో తేలుతాయి.) ఇక మీరూ మీ స్నేహితులూ దేవరకొండ ఖిల్లా నేపథ్యంగా తెలుగులో అలాంటి పుస్తకమే రాయాలనుకుంటున్నారు, అందులో చావులు ఎట్లా పెట్టాలని మీ సందేహం. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే, అందుకే కలిపి చెప్తున్నాను.

అందరూ తిట్టేది "ఎడమ తొవ్వ పట్టావు, గుంతలో పడి చచ్చావు" లాంటి చావుల్ని. అవి చెడ్డవే. కానీ పిల్లల్ని ఎక్కువగా చంపేది కథ మొదలుకాకముందు వేసే ఒక్క పాచిక.

1982లో 'ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్'తో మొదలైన ఫైటింగ్ ఫాంటసీ పుస్తకాల పద్ధతే చూడండి. స్కిల్‌కు (కొట్లాట నేర్పు) ఒక పాచిక వేసి 6 కలపాలి, అంటే 7 నుంచి 12 దాకా ఏదైనా రావచ్చు. స్టామినాకు (ఒంట్లో సత్తువ, అది సున్నా అయితే చావు) రెండు పాచికలు, 12 కలపాలి. లక్‌కు (అదృష్టం) మళ్లీ ఒక పాచిక, 6 కలపాలి. కొట్లాటలో ఇద్దరికీ చెరో రెండు పాచికలు వేసి ఎవరి స్కిల్ వాళ్లకు కలుపుతాం. ఎక్కువ వచ్చినవాళ్లు ఎదుటివాళ్ల స్టామినాలో 2 కోస్తారు. సమానమైతే ఎవరికీ దెబ్బ లేదు.

ఇద్దరి స్కిల్ ఒకటే అయితే ఒక్కో విడతలో గెలుపు 44 శాతం, ఓటమి కూడా 44. మీది ఒకటి ఎక్కువైతే గెలుపు 56, ఓటమి 34. రెండు ఎక్కువైతే 66, 24. మూడైతే 76, 16. ఇప్పుడు స్కిల్ 7 పడ్డ పిలగాడికి స్కిల్ 10, స్టామినా 10 ఉన్న రాక్షసుడు ఎదురయ్యాడనుకోండి. వాణ్ణి చంపాలంటే ఐదు దెబ్బలు కొట్టాలి. ఒక్క దెబ్బ కొట్టేలోపు సగటున ఐదు దాకా తింటాడు. అంటే కొట్లాట పూర్తయ్యేసరికి 48 స్టామినా పోవాలి, హీరోకు ఎంత బాగా పడ్డా ఉండేది 24. అదే రాక్షసుడితో స్కిల్ 12 ఉన్న పిల్ల కొట్లాడితే సగటున 4 కూడా పోదు. ఇద్దరూ ఒకే పేజీలు తిప్పారు, ఒకేలా ఆలోచించారు. తేడా అంతా మొదటి పాచికలోనే ఉంది, అక్కడ నిర్ణయించుకోవడానికి ఏమీ లేదు. ఇంతకంటే అన్యాయమైన చావు గేమ్‌బుక్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం.

దీనికి నాకు బాగా నచ్చిన మందు ఒకటుంది. నాలుగు పాచికలూ ముందే వేయించండి. వచ్చిన అంకెల్లో ఏది స్కిల్‌కు, ఏది లక్‌కు, ఏ రెండు స్టామినాకు అన్నది పిల్లలనే పంచుకోనివ్వండి. నాలుగింటిలో ఒక్కటైనా 5 గానీ 6 గానీ పడే అవకాశం 80 శాతం. కావాలనుకుంటే స్కిల్ 11, 12 దొరుకుతుంది, దానికి బదులు స్టామినా తగ్గుతుంది. పాచికలు అవే, నిర్ణయం మాత్రం పిల్లలది. రాసేవాళ్లుగా మీరు చూసుకోవాల్సింది: తప్పించుకోలేని కొట్లాటల్లో శత్రువు స్కిల్ 8 దాటనివ్వకండి. 10, 11 ఉన్నవాళ్లను పక్క తొవ్వలో పెట్టి, ముందే భయపెట్టండి.

ఖడ్గాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఆ పద్ధతిలో పుస్తకం ప్రత్యేకంగా చెప్తే తప్ప స్కిల్ మొదట్లో ఉన్న అంకె దాటకూడదు. అందుకని స్కిల్ ఇంకా తగ్గని హీరోకు "స్కిల్‌కు 1 కలుపుకో" అనే మాయఖడ్గం దొరికినా లాభం సున్నా. మీ పుస్తకంలో ఆ 1ని స్కిల్‌లో కాకుండా, కొట్లాటలో వేసే పాచికల మొత్తానికి కలపమని రాయండి.

ఇక ఎడమ, కుడి చావుల సంగతి. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినా ఎవరూ అన్యాయమనరు, అక్కడ మనల్ని ఎవరూ ఏమీ అడగరు గనుక. గేమ్‌బుక్ మాత్రం "ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడుగుతుంది. అడిగాక ఆలోచించడానికి ఏదో ఒకటి చేతికి ఇవ్వాలి. "ఎడమ దర్వాజకు 112, కుడి దర్వాజకు 87" అని మాత్రమే రాసి 112లో చంపేస్తే అది ప్రశ్న కాదు.

ఖిల్లా కథే తీసుకుందాం. కొండ కింద మేకల కాపరితో ఒక మాట అనిపించండి: "గబ్బిలాల కంపు కొట్టే దిక్కు పో బిడ్డా, అటు గాలి ఆడుతది. కంపు లేని సొరంగంల దీపం నిలువదు." కొన్ని సెక్షన్ల తర్వాత రెండు దర్వాజలు వస్తాయి. ఎడమది శుభ్రంగా, చల్లగా ఉంటుంది. కుడివైపు ముక్కు మూసుకోవాల్సిన కంపు. గుర్తున్నవాళ్లు ఇబ్బందిపడుతూనే కుడికి పోతారు. ఎడమకు పోయినవాళ్లను వెంటనే చంపకండి. "దీపం చిన్నబోయింది, ఊపిరి బరువెక్కింది" అని చెప్పి 3 స్టామినా తీసి, వెనక్కి వస్తావా, ముందుకు పోతావా అని మళ్లీ అడగండి. అప్పటికీ ముందుకు పోతే చావు. అలా చచ్చిన పిల్లలు పుస్తకం విసిరికొట్టరు, "అయ్యో, ఆ తాత చెప్పిండు కదా" అంటారు.

రాసేటప్పుడు ఈ ఆనవాలు దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటే: దాన్ని ఒక్క కొమ్మలోనే పెట్టడం. కాపరి తూర్పు దారిలో ఉంటే, పడమటి దారిన వచ్చినవాళ్లు అతన్ని కలవకుండానే దర్వాజల దగ్గరికి చేరి చచ్చిపోతారు. కాబట్టి పెద్ద కాగితం మీద సెక్షన్ నంబర్లతో పటం గీసి, ప్రతి చావు దగ్గరినుంచి వెనక్కి గీతలు పట్టుకుని పోండి. ఆ సెక్షన్‌కు వచ్చే ప్రతి దారిలోనూ ఆనవాలు తగలాలి. తగలని దారి ఉంటే అక్కడ ఇంకో రూపంలో, గోడ మీద బొమ్మగానో ఆరిపోయిన దివిటీగానో, అదే సంగతి చెప్పండి. ఒకసారి కంపు మంచి గుర్తు అన్నాక పుస్తకం చివరిదాకా అట్లాగే ఉండాలి. మధ్యలో తిప్పేస్తే అప్పటిదాకా పిల్లలు నేర్చుకున్నదంతా ఆగమవుతుంది.

కథలో కొన్నిచోట్ల అదృష్టాన్ని పరీక్షించుకోమంటారు. ఈ లక్ పరీక్షలో రెండు పాచికలు వేసి లక్ అంకెకు సమానంగా గానీ తక్కువగా గానీ వస్తే నెగ్గినట్టు. నెగ్గినా ఓడినా లక్ ఒకటి తగ్గుతుంది. లక్ 9తో వరసగా మూడు నెగ్గే అవకాశం 35 శాతం, 7తో మొదలైతే 7 శాతం లోపే. అందుకే చావు తేల్చే లక్ పరీక్షలు వరసగా పెట్టకూడదు. ఓడితే 4 స్టామినానో, సంచిలో ఒక వస్తువో పోనివ్వండి.

చివర్లో "మూడు తాళంచెవులు లేవా, అయితే ఇంతే" అనే చావు మీద నాకు అంత కోపం లేదు. పటం గీసుకుంటూ రెండోసారి, మూడోసారి ఆడేవాళ్లకు అది మంచి చిక్కుముడే. అయితే సరైన దారి తెలిసినా పాచికలు పోనివ్వకపోతే మాత్రం అది శిక్ష. ఆ దారిలో తప్పనిసరి గండాలన్నీ గుణించి చూడండి. ఒక్కోదాంట్లో 80 శాతం గెలిచే మూడు కొట్లాటలు, లక్ 8తో రెండు పరీక్షలు. విడివిడిగా మెత్తగానే కనిపిస్తాయి, గుణిస్తే 22 శాతం. దారి మొత్తం కంఠతా వచ్చినా ఐదుగురిలో ఒక్కరే బయటపడతారు. నేనైతే మధ్యరకం హీరోకు ఇది 50 శాతం కంటే తగ్గనివ్వను.

పాచికలు లేవని 2 నుంచి 12 దాకా చీటీలు రాసి తీయకండి. రెండు పాచికల్లో 7 పడే దారులు ఆరు, 12కు ఒక్కటే. చీటీల్లో రెండూ సమానమైపోయి లెక్కంతా తప్పుతుంది. 1 నుంచి 6 చీటీలు రెండు డబ్బాల్లో వేసి ఒక్కోటి తీయాలి. తెలుగు పుస్తకానికి ఇంకా బాగుండేది అష్టాచెమ్మకు వాడే, ఒక పక్క అరగదీసిన చింతగింజలు. నాలుగు గింజలు వేస్తే కనీసం ఒకటి తెల్లగా పడటం 94 శాతం, కనీసం రెండు 69, కనీసం మూడు 31. తేలిక, మధ్య, కష్టం అని మూడు మెట్లు మీకు లెక్క లేకుండానే దొరికాయి. గింజలు రెండు వైపులా సమానంగా పడుతున్నాయో లేదో మాత్రం ఒక్కోదాన్ని వందసార్లు వేసి చూసుకోండి. బాగా ఒక పక్కకే వాలేదాన్ని తీసేయండి.

మీ పిలగాడికి ఇప్పటికి ఇవి చాలు: నాలుగు పాచికల పంపకం, ఆనవాలు లేకుండా చచ్చిన చోట 6 స్టామినా తీసి వెనక సెక్షన్‌కు పోవడం, కొట్లాటలో చస్తే మాత్రం చచ్చినట్టే. మొదట్లో పానీయం ఎంచుకోమంటే అదృష్టానిది తీసుకోమనండి. అది లక్‌ను మొదటి అంకెకు తేవడమే కాక ఆ అంకెనే ఒకటి పెంచుతుంది. కొట్లాటలో లక్ వాడుకుంటే నెగ్గినప్పుడు దెబ్బకు 2 బదులు 4 పోతుంది, ఓడితే 1 మాత్రమే. లక్ 10కి పైన ఉన్నంతసేపు వాడొచ్చు, 8కి వచ్చాక దాచుకోవాలి.

మీ ఖిల్లా పుస్తకం చిత్తుప్రతి తయారయ్యాక వేరువేరు పిల్లలకిచ్చి, ఎవరు ఏ సెక్షన్‌లో చచ్చారో నంబరు రాసుకోండి, పక్కన "ఎందుకు చచ్చావు?" అంటే వాళ్లు చెప్పిన జవాబు కూడా. ఎక్కువమంది ఒకే నంబరు దగ్గర పోయి, కారణం చెప్పలేకపోతే ఆ చావును కొట్టేయకండి. దానికి రెండు మూడు సెక్షన్ల ముందున్న వాక్యాలు తిరగరాసి, అప్పటిదాకా పుస్తకం చూడని పిల్లలకు ఇవ్వండి.