నెల్లూరులో కొన్న పాత పిక్సెల్: అన్‌లాక్ మీట కదలకపోతే

పాత గూగుల్ పిక్సెల్ ఫోను కొని, అందులో లీనియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా చేసిన ఉచిత సిస్టమ్) వేద్దామంటే, డెవలపర్ ఆప్షన్లలో (సెట్టింగ్స్‌లో దాగి ఉండే మెనూ) ‘ఓఈఎం అన్‌లాకింగ్’ మీట బూడిద రంగులో ఉండిపోయిందని మీరు అడిగారు. చాలావరకు అది అమెరికాలో ఒక నెట్‌వర్క్ కంపెనీ పేరిట అమ్మిన ఫోను అయ్యుంటుంది.

1. ముందు వైఫై కలిపి చూడండి. నెట్ లేకపోతే మంచి ఫోనులోనూ మీట కదలదు.

2. అయినా కదలకపోతే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. ‘ఏ సిమ్ అయినా పనిచేస్తుందండీ’ అని అమ్మినవారు చెప్పింది నిజమే కావచ్చు, కానీ సిమ్ తాళం వేరు, ఈ మీట తెరవనిచ్చే బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) తాళం వేరు. అందరూ పొరబడేది ఇక్కడే.

3. ఈసారి ట్రంకు రోడ్డులో డబ్బు లెక్కపెట్టకముందే, కౌంటరు దగ్గరే సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో బిల్డ్ నంబరుపై 7 సార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్లు తెరిచి ఆ మీట జరిపి చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

4. కొనే మోడల్ లీనియేజ్ ఓఎస్ పనిచేసే ఫోన్ల జాబితాలో ఉండాలి.

బూట్‌లోడర్ తెరిస్తే ఫోనులోని ఫొటోలన్నీ చెరిగిపోతాయి, ముందే దాచుకోండి.